చిన్న ఆఫీసుకు ఫైర్‌వాల్: కాగితం మీద పట్టిక నుంచి నెలవారీ నిర్వహణ దాకా

పదిహేను మంది పనిచేసే ఆఫీసుకు ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌లో ఏది ఎక్కడికి వెళ్లవచ్చో తేల్చే కాపలా పెట్టె) ఎలా పెట్టుకోవాలని అడిగేవారిలో చాలామంది మొదట వేసే ప్రశ్న ‘ఏ పెట్టె కొనాలి?’ అని. నా దృష్టిలో అది మూడో ప్రశ్న. మొదటిది, ఆఫీసులో ఏ యంత్రం ఏ యంత్రంతో మాట్లాడాలి? రెండోది, ఇంటర్నెట్ లైను ఏ రూపంలో వస్తోంది? ఈ రెండింటికీ జవాబులు కాగితం మీద లేకపోతే, ఎంత ఖరీదు పెట్టి తెచ్చిన పెట్టె అయినా మామూలు రూటర్‌గానే మిగిలిపోతుంది.

ఇక్కడ చెప్పేదంతా ఓపీఎన్‌సెన్స్ ఆధారంగా. ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ ఫైర్‌వాల్ ఇది, ఫ్రీబీఎస్‌డీ మీద నడుస్తుంది. సోఫోస్, ఫోర్టిగేట్ లాంటివి వాడేవారికి మెనూల పేర్లు మారతాయి, పని వరుస మాత్రం ఇదే.

ఉదాహరణకు ఒక ఆడిటర్ ఆఫీసు అనుకుందాం. పన్నెండు కంప్యూటర్లు, ట్యాలీ డేటా ఉన్న సర్వర్, రెండు ప్రింటర్లు, సీసీ కెమెరాల రికార్డర్, వేలిముద్ర హాజరు యంత్రం, వచ్చిన క్లయింట్లు అడిగే వైఫై.

1. పెట్టె ముట్టుకోకముందే కాగితం పని

ఆఫీసంతా తిరిగి, నెట్‌వర్క్‌కు తగిలించిన ప్రతి యంత్రాన్నీ రాసుకోండి. ఫాల్స్ సీలింగ్ పైన దాక్కున్న పాత యాక్సెస్ పాయింట్, రిసెప్షన్ టీవీ కూడా లెక్కలోకి రావాలి. తర్వాత వాటిని గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు ఒక వీల్యాన్ (ఒకే స్విచ్ మీద నడిచే విడి నెట్‌వర్క్), ఒక చిరునామా శ్రేణి కేటాయించండి. ‘/24’ అంటే చివరి సంఖ్య మాత్రమే మారే చిరునామాలు.

- నిర్వహణ (ఫైర్‌వాల్, స్విచ్, యాక్సెస్ పాయింట్లు): 10.20.1.0/24
- సిబ్బంది, వీల్యాన్ 10: 10.20.10.0/24
- సర్వర్, ప్రింటర్లు, వీల్యాన్ 20: 10.20.20.0/24
- కెమెరాలు, హాజరు యంత్రం, వీల్యాన్ 30: 10.20.30.0/24
- అతిథులు, వీల్యాన్ 40: 10.20.40.0/24
- ఇంటి నుంచి పనిచేసేవారి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసుకు భద్రమైన దారి): 10.20.50.0/24

192.168.1.x శ్రేణిని కావాలనే వదిలేశాం. ఓపీఎన్‌సెన్స్ తొలి చిరునామా 192.168.1.1. ఇంటర్నెట్ సంస్థ ఇచ్చే ఫైబర్ మోడెమ్‌ది కూడా తరచుగా అదే. రెండూ ఢీకొంటే వైరింగ్ అంతా సరిగ్గా ఉన్నా నెట్ రాదు. పైగా ఉద్యోగి ఇంట్లోనూ అదే శ్రేణి ఉంటే వీపీఎన్ తగిలినట్టే కనిపిస్తుంది గానీ ఆఫీసు సర్వర్ దొరకదు.

ఇప్పుడు గుంపుల పేర్లతో అడ్డం, నిలువు గీతల పట్టిక వేయండి. ప్రతి గడిలో ‘ఎవరి నుంచి ఎవరికి, ఏ పనికి’ అని రాయండి. సిబ్బంది నుంచి సర్వర్‌కు: ఫైల్ షేరింగ్, ట్యాలీ లైసెన్సు. అతిథుల నుంచి సర్వర్‌కు: ఏమీ లేదు. ఈ పట్టికే రేపు రూల్స్ జాబితా అవుతుంది. ఖాళీ గడి అంటే మూసిన దారి. యజమానిని కూర్చోబెట్టి ఒక్కో గడి చదివి వినిపించండి. తన ఫోన్‌లో కెమెరాలు కనిపించాలన్న కోరిక అక్కడే బయటపడుతుంది.

2. ఇంటర్నెట్ లైను సంగతి తేల్చుకోవడం

సర్వీసు సంస్థను ఈ నాలుగు విషయాలు అడిగి రాసుకోండి.

- లైను పీపీపీఓఈనా (యూజర్ పేరుతో లాగిన్ అయ్యేది), డీహెచ్‌సీపీనా (చిరునామా దానంతట అదే వచ్చేది), స్టాటిక్ ఐపీనా (మారని చిరునామా)? పీపీపీఓఈ అయితే యూజర్ పేరు, పాస్‌వర్డ్
- వీల్యాన్ నంబరు ఏదైనా ఉందా?
- మోడెమ్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో (తాను రూటర్ పని చేయకుండా లైనును నేరుగా ఫైర్‌వాల్‌కు ఇచ్చేలా) పెడతారా?
- పబ్లిక్ ఐపీ ఇస్తారా, అందరికీ ఉమ్మడి చిరునామానా?

చివరిది ముఖ్యం. ఫైర్‌వాల్ వ్యాన్ (ఇంటర్నెట్) వైపు 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అంకెలతో మొదలయ్యే చిరునామా వస్తే, మీరు ఉమ్మడి చిరునామా వెనక ఉన్నట్టు. బయటి నుంచి మీ ఆఫీసుకు నేరుగా వీపీఎన్ రాదు. అలాంటప్పుడు స్టాటిక్ ఐపీ కొనడం అన్నిటికన్నా తేలిక దారి.

బ్రిడ్జ్ మోడ్ ఇవ్వకపోతే కంగారు అక్కర్లేదు. మోడెమ్ వెనక ఫైర్‌వాల్ పెట్టినా బ్రౌజింగ్, మెయిల్, జీఎస్‌టీ పోర్టల్ అన్నీ నడుస్తాయి. వీపీఎన్ పోర్టును (ఒక్కో సేవకు ఉండే నంబరును పోర్టు అంటారు) మాత్రం మోడెమ్‌లో కూడా ఫైర్‌వాల్‌కు ఫార్వర్డ్ చేయాలి, అంటే మళ్లించాలి. దానికి మోడెమ్ అడ్మిన్ పాస్‌వర్డ్ మీ చేతిలో ఉండాలి.

3. పెట్టె, స్విచ్, కరెంటు

- నాలుగు ఈథర్నెట్ పోర్టులున్న మినీ పీసీ. పోర్టులు ఇంటెల్‌వి అయితే మేలు. ఫ్రీబీఎస్‌డీలో రియల్‌టెక్ చిప్‌లు కొన్ని భారం పెరిగితే తడబడతాయి
- 8 జీబీ ర్యామ్, 120 జీబీ లేదా అంతకు మించిన ఎస్‌ఎస్‌డీ
- వీల్యాన్‌లు అర్థం చేసుకునే మేనేజ్డ్ స్విచ్. మామూలు స్విచ్‌తో ఈ పథకం నడవదు
- ఒకటికన్నా ఎక్కువ వైఫై పేర్లను వేర్వేరు వీల్యాన్‌లకు కట్టగల యాక్సెస్ పాయింట్

మోడెమ్, ఫైర్‌వాల్, స్విచ్ మూడూ ఒకే యూపీఎస్ మీద ఉండాలి. బయాస్‌లోకి (యంత్రం ఆన్ కాగానే తెరిచే అమరికల తెర) వెళ్లి, కరెంటు పోయి వచ్చాక యంత్రం దానంతట అదే ఆన్ అయ్యేలా మార్చండి. ఈ ఒక్క అమరిక మరిచిపోతే, రాత్రి కరెంటు పోయిన మర్నాడు ఉదయం తొమ్మిదింటికి మీకు ఫోన్ వస్తుంది.

4. ఇన్‌స్టాల్

ఇది అరగంట పని. అధికారిక సైట్ నుంచి ఇమేజ్ దించుకోండి. మానిటర్ తగిలించే పెట్టె అయితే వీజీఏ రకం తీసుకోండి. పక్కనే ఇచ్చిన షా-256 విలువతో (ఫైల్ మారకుండా వచ్చిందో చూసే కోడ్) పోల్చి చూశాక, రూఫస్‌తోనో బాలెనా ఎచర్‌తోనో పెన్‌డ్రైవ్ మీద రాయండి. పెట్టెను దానితో బూట్ చేసి ‘ఇన్‌స్టాలర్’ (installer) అనే యూజర్‌గా లాగిన్ అవండి. పాస్‌వర్డ్ ‘ఓపీఎన్‌సెన్స్’ (opnsense), అన్నీ చిన్న అక్షరాలే.

ఫైల్ వ్యవస్థ అడిగినప్పుడు జెడ్‌ఎఫ్‌ఎస్ ఎంచుకోండి. అర్ధాంతరంగా కరెంటు పోయినా తట్టుకుంటుంది. అప్‌డేట్‌కు ముందు స్నాప్‌షాట్ తీసుకునే వీలూ ఉంటుంది.

రీబూట్ అయ్యాక కన్సోల్‌లో (పెట్టెకు తగిలించిన మానిటర్ మీది మెనూ) 1 నొక్కి పోర్టులు కేటాయించండి: మొదటిది వ్యాన్, రెండోది ల్యాన్ (ఆఫీసు లోపలి వైపు). 2 నొక్కి ల్యాన్‌కు 10.20.1.1 ఇవ్వండి. మూడో పోర్టు వీల్యాన్‌లన్నీ మోసే ట్రంక్. నాలుగోది రెండో ఇంటర్నెట్ లైను కోసం ఖాళీగా ఉంచండి.

నిర్వహణను విడి పోర్టు మీద పెట్టడానికి కారణం ఉంది. వీల్యాన్ అమరికలో ఎంత గందరగోళం జరిగినా, ల్యాప్‌టాప్‌ను రెండో పోర్టుకు తగిలిస్తే అడ్మిన్ పేజీ తెరుచుకుంటుంది.

5. మొదటి గంటలో చేయాల్సినవి

- రూట్ పాస్‌వర్డ్ మార్చడం
- టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా చేయడం
- టైమ్ సర్వర్లుగా ఎన్‌ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) వారి సమయ్1, సమయ్2 పెట్టడం
- ఫర్మ్‌వేర్ అప్‌డేట్, ఆపై రీబూట్
- మీ పేరుతో వేరే అడ్మిన్ ఖాతా తెరిచి, దానికి ఫోన్‌లో మారే ఆరంకెల కోడ్ జోడించడం
- వ్యాన్ వైపు నుంచి అడ్మిన్ పేజీ, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి కమాండ్లు ఇచ్చే దారి) తెరవకుండా ఉంచడం
- కాన్ఫిగరేషన్ బ్యాకప్ దించుకోవడం

టైమ్ సర్వర్ల మాట చిన్నదిగా కనిపిస్తుంది, కానీ దాన్ని దాటేయకండి. ఆరంకెల కోడ్ గడియారం మీదే ఆధారపడుతుంది. లాగ్‌లలో సమయం తప్పితే ఏదైనా జరిగినప్పుడు ఆ లాగ్‌లు ఎందుకూ పనికిరావు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లోనూ ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) సర్వర్లతో సమయం సరిచూసుకోవాలని ఉంది. లాగ్‌లను 180 రోజులు దాచాలనీ ఉంది. సెట్టింగ్స్‌లోని లాగింగ్ పేజీలో నిల్వ రోజులను 180కి పెంచండి. వీలైతే ఒక కాపీని నాస్‌కు (నెట్‌వర్క్‌కు తగిలించిన నిల్వ పెట్టె) పంపే ఏర్పాటు చేయండి, పెట్టె పాడైనా లాగ్‌లు మిగులుతాయి.

6. వీల్యాన్‌లు, స్విచ్

ముందుగా ఫైర్‌వాల్‌లో: మూడో పోర్టు మీద 10, 20, 30, 40 వీల్యాన్‌లు సృష్టించి, ఇంటర్‌ఫేస్‌లుగా కేటాయించి, ఒక్కోదానికి .1తో ముగిసే చిరునామా ఇవ్వండి. ఒక్కోదాని మీద డీహెచ్‌సీపీ ఆన్ చేయండి. సర్వర్, ప్రింటర్లు, రికార్డర్, హాజరు యంత్రాలకు స్థిరమైన చిరునామాలు కేటాయించండి.

తర్వాత స్విచ్‌లో (ప్యాకెట్ మీద వీల్యాన్ నంబరు ఉంటే ట్యాగ్డ్, లేకపోతే అన్‌ట్యాగ్డ్):

- ఫైర్‌వాల్ రెండో పోర్టుకు వెళ్లేది: వీల్యాన్ 1 అన్‌ట్యాగ్డ్
- ఫైర్‌వాల్ మూడో పోర్టుకు వెళ్లేది: 10, 20, 30, 40 ట్యాగ్డ్ మాత్రమే. ఇక్కడి నుంచి వీల్యాన్ 1ని తీసేయాలి
- యాక్సెస్ పాయింట్‌కు: వీల్యాన్ 1 అన్‌ట్యాగ్డ్, 10, 40 ట్యాగ్డ్
- కంప్యూటర్ పోర్టులు: 10 అన్‌ట్యాగ్డ్, పీవీఐడీ (నంబరు లేకుండా వచ్చే ప్యాకెట్ ఏ వీల్యాన్‌దో చెప్పేది) కూడా 10. సర్వర్, ప్రింటర్ల పోర్టులకు ఇలాగే 20, కెమెరాలు, హాజరు యంత్రం పోర్టులకు 30

తక్కువ ధర స్విచ్‌లలో అన్‌ట్యాగ్డ్ సభ్యత్వం ఒకచోట, పీవీఐడీ ఇంకోచోట మార్చాల్సి ఉంటుంది. మొదటిది మార్చి రెండోది మరిచిపోవడం వల్లే ‘కంప్యూటర్‌కు ఐపీ రావడం లేదు’ అనే ఫిర్యాదులు ఎక్కువగా వస్తాయి.

7. రూల్స్: అసలు పని ఇక్కడే

మూడు సూత్రాలు మనసులో ఉంచుకుంటే తొంభై శాతం తికమక పోతుంది.

ఒకటి, ప్యాకెట్ ఏ ఇంటర్‌ఫేస్ నుంచి ఫైర్‌వాల్‌లోకి ప్రవేశిస్తుందో ఆ ఇంటర్‌ఫేస్ మీదే రూల్ రాయాలి. అతిథులు సర్వర్‌కు వెళ్లకూడదంటే రూల్ అతిథుల పేజీలో ఉండాలి, సర్వర్ పేజీలో కాదు.

రెండు, ఫైర్‌వాల్ రూల్స్‌ను పై నుంచి కిందికి చూస్తుంది. మొదట సరిపోయిన దానితో ఆగిపోతుంది.

మూడు, కొత్తగా సృష్టించిన ఇంటర్‌ఫేస్ మీద రూల్ ఏదీ లేకపోతే అంతా మూసినట్టే. మొదటి ల్యాన్‌కు మాత్రమే అన్నిటినీ అనుమతించే రూల్ ముందే ఉంటుంది. అందుకే కొత్త వీల్యాన్‌లో ఐపీ వస్తుంది గానీ నెట్ రాదు. అది లోపం కాదు.

ముందుగా ‘లోపలివి’ అనే ఎలియాస్ (చిరునామాల గుంపుకు పెట్టే పేరు) చేసి అందులో 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16 చేర్చండి. ఇక అతిథుల పేజీలో ఈ వరుసలో రాయండి.

1. అనుమతి: అతిథుల నుంచి ఆ ఇంటర్‌ఫేస్ చిరునామాకు, పోర్టు 53 (సైట్ల పేర్లు వెతకడానికి)
2. నిషేధం: అతిథుల నుంచి ‘లోపలివి’
3. నిషేధం: అతిథుల నుంచి ఈ ఫైర్‌వాల్
4. అనుమతి: అతిథుల నుంచి ఎక్కడికైనా

మూడో రూల్‌ను చాలామంది వదిలేస్తారు. ఫైర్‌వాల్‌కు పబ్లిక్ ఐపీ కూడా ఉంటుంది, అది ‘లోపలివి’ జాబితాలో రాదు. ఈ రూల్ లేకపోతే అతిథి తన ఫోన్‌లో ఆ పబ్లిక్ ఐపీ కొడితే అడ్మిన్ లాగిన్ పేజీ వచ్చేస్తుంది.

సిబ్బంది పేజీలో వరుస ఇలా ఉంటుంది: ఫైర్‌వాల్‌కు 53, 123 (సమయం కోసం) అనుమతి. సర్వర్‌కు ఫైల్ షేరింగ్ కోసం 445, ట్యాలీ లైసెన్సు కోసం 9999 అనుమతి. ప్రింటర్లకు 9100 అనుమతి. మేనేజర్ కంప్యూటర్ ఒక్కదానికి కెమెరా రికార్డర్ అనుమతి. ఆ తర్వాత ‘లోపలివి’, ‘ఈ ఫైర్‌వాల్’ నిషేధం. బయటికి పోర్టు 25 (మెయిల్ పంపేది) నిషేధం, వైరస్ పట్టిన కంప్యూటర్ స్పామ్ పంపి మీ ఐపీని బ్లాక్‌లిస్టులో వేయించకుండా. చివర్లో మిగతా ఇంటర్నెట్ అనుమతి.

సర్వర్ గుంపుకు బయటికి 80, 443, పేరు వెతకడానికి ఫైర్‌వాల్‌కు 53 చాలు. కెమెరాల గుంపుకు ఫైర్‌వాల్ నుంచి సమయం తీసుకోవడం తప్ప ఏమీ వద్దు. హాజరు యంత్రం సర్వర్‌కు డేటా పంపేదైతే, దాని మాన్యువల్‌లో చెప్పిన ఒక్క పోర్టు తెరవండి.

సర్వర్‌ను సిబ్బంది నుంచి విడదీయడం అతి జాగ్రత్త కాదు. 2017 మేలో వానాక్రై అనే, ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే వైరస్ పోర్టు 445 గుండానే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. మన పథకంలో సిబ్బంది నుంచి సర్వర్‌కు 445 తెరిచే ఉంది కాబట్టి సర్వర్ విండోస్ అప్‌డేట్లు, విడిగా దాచిన బ్యాకప్ తప్పనిసరి. అయితే కెమెరా రికార్డర్ నుంచో, అతిథి ల్యాప్‌టాప్ నుంచో వచ్చే దాడికి మాత్రం దారి ఉండదు.

రూల్ మార్చాక ఫలితం కనిపించకపోతే పాత కనెక్షన్లు ఇంకా బతికి ఉన్నట్టు. డయాగ్నస్టిక్స్‌లో స్టేట్స్ రీసెట్ చేసి మళ్లీ చూడండి. ప్రతి రూల్‌కూ వివరణ రాయండి: ఎవరు అడిగారు, ఎప్పుడు, ఎందుకు. ఆర్నెల్ల తర్వాత ఆ వివరణ లేని రూల్‌ను తీసేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

8. పోర్ట్ ఫార్వర్డ్ వద్దు, వీపీఎన్ పెట్టండి

ఇంటి నుంచి ట్యాలీ చూసుకోవడానికి రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ని నేరుగా ఇంటర్నెట్‌కు తెరవడం చిన్న ఆఫీసుల్లో నేను చూసే అత్యంత ప్రమాదకరమైన అలవాటు. పోర్టు నంబరు 3390కి మార్చినా లాభం లేదు. వెతికే ప్రోగ్రాములు అన్ని పోర్టులనూ వెతుకుతాయి. కెమెరా రికార్డర్లకు తెరిచే 8000, 37777 పోర్టులదీ అదే కథ. రికార్డర్ల ఫర్మ్‌వేర్‌ను ఎవరూ అప్‌డేట్ చేయరు కాబట్టి అవి ఇంకా ప్రమాదం. పాత రూటర్‌లో ఇలాంటి ఫార్వర్డ్‌లు ఉంటే కొత్త పెట్టెలోకి తేకండి. యంత్రాలు తమంతట తామే పోర్టులు తెరిపించుకునే యూపీఎన్‌పీ ప్లగిన్ జోలికి పోకండి.

బదులుగా వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టండి.

1. ఇన్‌స్టెన్స్ సృష్టించండి: పోర్టు 51820, టన్నెల్ చిరునామా 10.20.50.1/24
2. ప్రతి మనిషికీ, ప్రతి పరికరానికీ విడి పీర్ (వీపీఎన్‌లోకి రాగల పరికరం ఖాతా) చేయండి: 10.20.50.2/32, 10.20.50.3/32 ఇలా. ఇద్దరికి ఒకే కీ ఇవ్వకండి
3. వ్యాన్ పేజీలో యూడీపీ 51820కి అనుమతి ఇవ్వండి
4. వైర్‌గార్డ్ పేజీలో ఆ మనిషికి అవసరమైనదే అనుమతించండి: అకౌంటెంట్‌కు సర్వర్ 3389, యజమాని ఫోన్‌కు రికార్డర్
5. ల్యాప్‌టాప్ వైపు అనుమతించే చిరునామాలుగా 10.20.20.0/24 మాత్రమే, రికార్డర్ చూసే యజమాని ఫోన్‌లో 10.20.30.0/24 మాత్రమే రాయండి. కీప్‌అలైవ్ 25 సెకన్లు

ఉద్యోగి మానేసిన రోజే అతని పీర్‌ను తీసేయాలి. ఆఫీసు నుంచి వెళ్లేటప్పుడు తాళాలు, ఐడీ కార్డు తీసుకునే కాగితంలో ఈ వరుస కూడా చేర్చండి.

9. డీఎన్‌ఎస్, చొరబాటు గుర్తింపు

ఓపీఎన్‌సెన్స్‌లో డీఎన్‌ఎస్ (సైటు పేరును చిరునామాగా మార్చే సేవ) చూసే అన్‌బౌండ్‌లో బ్లాక్‌లిస్టు ఆన్ చేస్తే దొంగ సైట్లు చాలావరకు తెరుచుకోవు. సిబ్బంది కంప్యూటర్లు వేరే డీఎన్‌ఎస్ వాడకుండా, ఫైర్‌వాల్‌కు తప్ప బయటికి 53, 853 పోర్టులు మూయండి. ఏదైనా బ్యాంకు సైటో, ప్రభుత్వ పోర్టలో తెరుచుకోకపోతే మొదట బ్లాక్‌లిస్టునే అనుమానించండి.

చొరబాట్లను గుర్తించే సురికాటాను మొదటి రోజే అడ్డుకునే మోడ్‌లో పెట్టకండి. కొన్ని వారాలు హెచ్చరికలు మాత్రమే ఇచ్చేలా నడిపి, ఏవి తప్పుడు హెచ్చరికలో గమనించాక అడ్డుకోవడం మొదలుపెట్టండి. హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ అమరికలు ఆపి ఉండాలి. ఇంతలో లైను వేగం పడిపోతే ప్రాసెసర్ చాలడం లేదన్నమాట. నిజం చెప్పాలంటే, ఈ పరిమాణం ఆఫీసుకు ఏడో భాగంలోని రూల్స్ ఇచ్చే రక్షణ ముందు ఇది అదనపు పొర మాత్రమే. ట్రాఫిక్‌లో ఎక్కువ భాగం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, సురికాటాకు లోపలిది కనిపించదు.

10. రెండో ఇంటర్నెట్ లైను ఉంటే

రెండు గేట్‌వేలనూ ఒక గ్రూపులో చేర్చి, మొదటిదాన్ని టియర్ 1, రెండోదాన్ని టియర్ 2 చేయండి. ఒక్కోదానికి వేర్వేరు పర్యవేక్షణ చిరునామా ఇవ్వండి, ఉదాహరణకు 1.1.1.1, 8.8.8.8. ఇంటర్నెట్ అనుమతించే చివరి రూల్‌లో ఈ గ్రూపును గేట్‌వేగా ఎంచుకోండి.

సర్వర్, ప్రింటర్ల అనుమతి రూల్స్ ఈ రూల్‌కు పైన ఉండాలి, వాటిలో గేట్‌వే ఎంచుకోకూడదు. తారుమారైతే సర్వర్‌కు వెళ్లాల్సిన ప్యాకెట్లు కూడా ఇంటర్నెట్ లైనులోకి వెళ్లి పోతాయి. అమర్చాక మొదటి లైను కేబుల్ నిజంగా పీకి చూడండి.

11. అప్పగించే ముందు పరీక్ష

- అతిథి వైఫైలో ఉన్న ఫోన్ నుంచి 10.20.1.1, పబ్లిక్ ఐపీ, సర్వర్: ఏదీ తెరుచుకోకూడదు
- సిబ్బంది కంప్యూటర్ నుంచి షేర్, ట్యాలీ, ప్రింట్: మూడూ పనిచేయాలి
- మొబైల్ డేటా మీద ఉన్న ల్యాప్‌టాప్ నుంచి వీపీఎన్, రిమోట్ డెస్క్‌టాప్
- వీపీఎన్ ఆపి మళ్లీ ప్రయత్నం: రాకూడదు
- ప్లగ్ పీకి పెట్టడం: అన్నీ వాటంతట అవే లేవాలి

12. సమస్య వస్తే చూసే వరుస

ముందు ఫైర్‌వాల్ లాగ్‌లోని లైవ్ వ్యూ తెరిచి, ఆ కంప్యూటర్ ఐపీతో వడపోయండి. ఎర్రటి వరుస కనిపిస్తే ఏ రూల్ ఆపిందో అక్కడే ఉంటుంది. ఏ వరుసా కనిపించకపోతే, అనుమతి రూల్స్‌లో లాగింగ్ ఆన్ చేసి మళ్లీ చూడండి. అప్పటికీ లేకపోతే ప్యాకెట్ ఫైర్‌వాల్ దాకా రావడం లేదు, స్విచ్ చూడండి. అనుమతించినట్టు ఉన్నా పని జరగకపోతే అవతలి యంత్రం చూడండి.

- షేర్ తెరుచుకోవడం లేదు: విండోస్ ఫైర్‌వాల్ తన సబ్‌నెట్ వారికే అనుమతి ఇస్తుంది. సర్వర్‌లో ఆ రూల్‌కు 10.20.10.0/24 చేర్చాలి
- ప్రింటర్ దానంతట అది కనిపించడం లేదు: వెతుకులాట సందేశాలు వీల్యాన్‌లు దాటవు. ఐపీ చిరునామాతో జోడించండి
- కొన్ని సైట్లు సగం తెరుచుకుని ఆగుతున్నాయి: పీపీపీఓఈ లైనులో ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1492 ఉందో లేదో చూడండి
- అడ్మిన్ పేజీ తెరుచుకోవడం లేదు: కన్సోల్‌లో 13 నొక్కితే పాత కాన్ఫిగరేషన్‌కు వెళ్లవచ్చు

13. నిర్వహణ

వారానికోసారి లైవ్ వ్యూ, వీపీఎన్ లాగిన్‌లు చూడండి. నెలకోసారి స్నాప్‌షాట్, కాన్ఫిగరేషన్ బ్యాకప్ తీసుకుని, ఆఫీసు మూసిన తర్వాత అప్‌డేట్ చేయండి. ఓపీఎన్‌సెన్స్ పెద్ద వెర్షన్లు ఏటా జనవరి, జులైలలో వస్తాయి. వచ్చిన రోజే దూకకుండా, మొదటి చిన్న సవరణ వచ్చాక వెళ్లడం నా అలవాటు. భద్రతా సవరణలను మాత్రం ఆపకండి.

బ్యాకప్ ఫైల్‌లో వీపీఎన్ కీలు, పాస్‌వర్డ్‌లు ఉంటాయి కాబట్టి ఎన్‌క్రిప్ట్ చేసే గడి టిక్ చేయండి. వాట్సాప్‌లో పంపకండి. మూడు నెలలకోసారి పాత మినీ పీసీ మీదనో, వర్చువల్ మెషీన్ మీదనో ఆ ఫైల్‌ను తిరిగి ఎక్కించి చూడండి. అదే రోజు మొదటి పట్టిక తీసి రూల్స్‌తో పోల్చండి. అవసరం తీరిన రూల్‌ను ముందు డిసేబుల్ చేసి, నెల తర్వాత తొలగించండి.

ఏదైనా కంప్యూటర్‌లో ఫైళ్లు లాక్ అయ్యాయని తెలిస్తే కరెంటు ఆపకుండా కేబుల్ పీకండి, వైఫై ఆపండి. ఆ గుంపు నుంచి సర్వర్‌కు ఉన్న అనుమతి రూల్‌ను డిసేబుల్ చేసి స్టేట్స్ రీసెట్ చేయండి. ఆరోజు లాగ్‌లను వేరే డిస్కుకు కాపీ చేయండి. సెర్ట్-ఇన్‌కు ఆరు గంటల్లోపు తెలియజేయాలి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఈ రెండు సంగతులూ, ఇంటర్నెట్ సంస్థ కస్టమర్ ఐడీ, కన్సోల్ పాస్‌వర్డ్ ఉన్న సీలు కవరు ఎక్కడుందో అన్న వివరమూ ఒక కాగితం మీద రాసి, మీరు ఊళ్లో లేనప్పుడు పని చూసుకునే వ్యక్తికి ఇవ్వండి.